పెద్దలవి అన్న ఆరు పాటలు

పోయినవి ఇవి: ఆరు పాటలు, ఇరవై రెండు చరణాలు, మూడు రికార్డుల మీద ఉండాల్సిన ఒక పేరు, నేను సెలవు పెట్టి పోర్ట్ లూయీ తిరిగిన తొమ్మిది రోజులు. వకీలు ఫీజు వేరే.

నాన్న మా చెరుకు దీవిలో, బెల్ ఎయిర్ ఊళ్లో భజన గురువు. ఆ ఆరు పాటలూ చెరుకు కొట్టి వచ్చాక పెరట్లో కూర్చుని ఆయన కట్టినవే. కాగితం మీద పెట్టలేదు, నోటితోనే బృందానికి నేర్పారు. రాజధాని పోర్ట్ లూయీలో ఒక రికార్డుల వ్యాపారి వాటిని పాడించి, "ఎవరి పాటలు?" అని అడిగాడు. భజన పాటను "నేను కట్టాను" అనడం మా వాళ్లలో తప్పు. నాన్న చేతులు జోడించి "మా పెద్దలవి" అన్నారు. రికార్డు మీద "సంప్రదాయ గీతం" అని పడింది.

తర్వాత ఒకరోజు రేడియోలో ఆ పాటల్లో ఒకటి వేసి, ఎప్పటిదో పాత పాట అన్నారు. "నా పేరు ఒక్కసారి చెబితే బాగుండేది" అన్నారు నాన్న. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

నేను చెరుకు కాటా దగ్గర గుమాస్తాను. లెక్కలు నేర్చుకున్నట్టే చట్టం కూడా పుస్తకం తెచ్చుకుని చదివాను. హక్కు పాట కట్టినవాడిది. ఎక్కడా నమోదు చేయించనక్కర్లేదు. అతను బతికినంత కాలం, ఆపైన యాభై ఏళ్లు.

వెళ్లి అడిగితే వ్యాపారి నవ్వాడు. "మిస్యే, అయ్యా, పెద్దలవి అన్నది మీ నాన్నే కదా? బే, సరే, ఆ పెద్దల్ని తీసుకురండి, వాళ్లకే ఇస్తా."

సాక్ష్యం కావాలన్నాడు వకీలు. బృందంలో తాళం వేసే మావను అడిగాను.

"నాకు తెలుసు అల్లుడూ, మీ నాన్నే కట్టాడు. కానీ దేవుడి పాటకి డబ్బులా? రేపు గుడి గంట కొట్టినందుకు కూడా అడుగుతావా?"

"డబ్బు తర్వాత మావా. పేరు."

"పేరుంది కదా, చరణం చరణానికీ! దేవుడిది."

ఇక నాన్నే వకీలు ముందు ఒక్క మాట చెప్పాలి. ఆయన కుర్చీ అంచున కూర్చుని, "పెద్దలు నేర్పకపోతే నేనేం కట్టేవాణ్ణి?" అన్నారు. వకీలు ఫైలు మూశాడు. తిరుగు బస్సులో "కి పు ఫేర్, ఏం చేస్తాం" అని ఆయనే అన్నారు.

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చిన నెలలో ఊరి సభలో ఆ పాటే పాడించారు, పూర్వీకుల పాట అని చెప్పి. నాన్న చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

వేరే గాయకులకు ఆ వ్యాపారి ఇచ్చింది రికార్డుకు ఇరవై సెంట్లు, అంటే రూపాయిలో అయిదో వంతు. అమ్మానని తానే ఒప్పుకున్నవి పదిహేను వందలు. ఈ రోజుకీ రావాల్సినది మూడు వందల రూపాయలు.