ఛాయిస్‌లో వదిలేసిన ఏడో పేజీ

మా అమ్మాయి ఎనిమిదో తరగతి పూర్తిచేసిన వేసవిలో ఒకరోజు అన్నం తింటూ, ఈత క్లాసు మానేస్తానంది. ఇలాంటి సమయాల కోసం ప్రతి తండ్రి దగ్గరా ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది. నేనూ గొంతు సవరించుకుని, న్యాయమూర్తి తీర్పు చదివినట్టు, "ఏదీ సగంల వదిలెయ్యొద్దు బేటా" అన్నాను.

"డాడీ, నువ్వు ఒక్కటన్నా లాస్ట్ దాకా చేసినవా?" అంది.

"ఎందుకు చెయ్యలే? మీ అమ్మతోని పెళ్లి?"

"అదింకా నడుస్తనే ఉంది. అయిపోయిందని ఎవరు చెప్పిన్రు?" అంది మా ఆవిడ, పెరుగు వడ్డిస్తూ.

మా ఇల్లు అమీర్‌పేటలో. మా బాల్కనీలో నిలబడి ఒక్క తుమ్ము తుమ్మితే, కింద నుంచి నలుగురు వచ్చి 'డెమో క్లాసు ఫ్రీ' అని కరపత్రం చేతిలో పెడతారు. అలాంటిచోట పాతికేళ్లుగా కాపురమున్న మనిషి కోర్సుల్లో చేరకుండా ఎలా ఉంటాడు? జావాలో చేరాను. ట్యాలీలో చేరాను. కీబోర్డు వాయించడంలో చేరాను. జర్మన్ భాషలో కూడా చేరాను. అందులో నాకు ఈనాటికీ 'నమస్కారం, నా పేరు' అనేంతవరకు వచ్చు, పేరు చెప్పే పాఠం రాకముందే మానేశాను. మా అటక మీదున్న స్పైరల్ బైండింగు పుస్తకాలన్నీ దింపితే అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కి మరో అంతస్తు వేయొచ్చు. ప్రతి పుస్తకంలోనూ మొదటి ఇరవై పేజీలు గీతలతో నలిగి ఉంటాయి. ఆ తర్వాత పేజీల్ని ఇంతవరకు గాలి కూడా తాకలేదు.

ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్లో ఏదో పియానో సంగీతం వింటోంది. తను చూసే జపాన్ సీరియల్లోదట. దాన్ని కార్టూన్ అంటే నాతో రెండు రోజులు మాట్లాడదు కాబట్టి అనిమే అనే అంటాను. అందులో ఒక కత్తి వీరుడు అన్నీ పోగొట్టుకుని వానలో ఇంటికి తిరిగొస్తాడు. ఆ సన్నివేశంలోని పాటను ఎవరో మహానుభావుడు పియానోకి మార్చి వాయించాడు. వింటే ఒక మనిషి వాయిస్తున్నట్టు లేదు, ఆరుగురు అన్నదమ్ములు ఆస్తి కోసం ఒకే పియానో మీద కొట్టుకుంటున్నట్టుంది.

"గిది నేను వాయిస్తా," అన్నాను.

అమ్మాయి నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే, మధ్యలో లేచి నీళ్లు తాగొచ్చి మళ్లీ అక్కణ్నుంచే కొనసాగించింది. "డాడీ, గిది పదేండ్లు నేర్చుకున్నోళ్లు వాయిస్తరు."

"వాయిస్తా అన్నా కదా. మొదటి నోట్ నుంచి చివరి నోట్ దాకా."

"సరే. వాయిస్తే నువ్వు చెప్పినట్టు వింట. వాయించకపోతే ఇంకెప్పుడూ నాతోని 'సగంల వదిలెయ్యొద్దు' అని అనొద్దు."

అంటే, తండ్రిగా నాకున్న ఏకైక ఆయుధాన్ని తాకట్టు పెట్టమంటోంది. పెట్టాను. ఈత క్లాసు మాత్రం ఆ మర్నాడే మానేసింది.

వెంటనే ఆ పాట స్వరాల కాగితాలు సంపాదించి మా సందు చివర జిరాక్స్ షాపుకి వెళ్లాను. ఆ షాపు భాయ్ ముప్పై ఏళ్లలో ఈ దేశపు సాఫ్ట్‌వేర్ చదువంతా తన చేతుల మీదుగా అచ్చేసినవాడు. మొదటి కాగితం బయటికి రాగానే మిషన్ ఆపేశాడు.

"అన్నా, జర ఆగు. డ్రమ్ము ఖరాబైంది. పేజీ మొత్తం నల్లగ వస్తుంది."

"డ్రమ్ము మంచిగనే ఉంది భాయ్. పేజీయే అట్ల ఉంది."

కాగితం వెలుతురుకి పెట్టి చూశాడు. చీమల పుట్ట మీద ఎవరో కాలు వేసినట్టుంది. "యా అల్లా! గిదేం కోర్సన్నా? మార్కెట్ల డిమాండ్ ఉందా?"

"ఇంట్లనే డిమాండ్ ఉంది."

పద్నాలుగు పేజీలు. ఖైరతాబాద్ గణపతికి కావలసినంత రంగు వాటికే అయిపోయింది. భాయ్ అలవాటు ప్రకారం స్పైరల్ బైండింగ్ చేసి, పైన ప్లాస్టిక్ అట్ట వేసి, "ఆల్ ద బెస్ట్ అన్నా, ఇంటర్వ్యూల మంచిగ చెప్పు" అని సాగనంపాడు.

పియానో టీచరమ్మ ఇల్లు పంజాగుట్టలో. గోదావరి వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్నారు. ఆవిడ హాల్లో నల్లటి నిజమైన పియానో ఉంది, దాని ముందు బల్ల మీద రెండు జడల పాప కూర్చుని ఉంది. నన్ను చూసి, "అంకుల్, మీ పాప ఏది?" అని అడిగింది. నేనే పాపనని చెప్పడానికి కొంచెం సమయం పట్టింది.

టీచరమ్మ నా స్పైరల్ పుస్తకం తెరిచి, మూసి, మళ్లీ తెరిచారు.

"ఏంటండీ ఇది? ఎన్నాళ్లుగా వాయిస్తున్నారు మీరు?"

"రేపట్నుంచి మేడం. కీబోర్డు కోర్సు సగం చేసిన. స్వరాలు చదవడం వస్తది, మెల్లగ."

"దీనికి మూడేళ్లు పడుతుంది."

"ఫాస్ట్ ట్రాక్ ఏమన్న ఉందా మేడం? నలభై ఐదు రోజులల్ల?"

ఆవిడ నా వైపు అలాగే చూశారు. ఆ చూపులోనే నాకు మొదటి పాఠం అయిపోయింది. చివరికి, ఏటా డిసెంబరులో తన శిష్యులంతా తల్లిదండ్రుల ముందు వాయిస్తారని, ఈ డిసెంబరు కాదు, పై డిసెంబరుకి చూద్దామని ఒప్పుకున్నారు. ఏడాదిన్నర గడువు.

ఆ ఏడాదిన్నర మా ఇల్లు ఇల్లులా లేదు. నా కీబోర్డుకి ఉన్నవి అరవై ఒక్క మెట్లు. ఆ పాటకి కావలసినవి ఎనభై ఎనిమిది. అందుకని ఎడమవైపు డైనింగు టేబుల్ జరిపి దాని మీద చాక్‌పీసుతో పదిహేను మెట్లు గీశాను. కుడివైపు ఇస్త్రీ బల్ల మీద పన్నెండు. మధ్యలో సంగీతం వినిపించేది, రెండు చివర్లా దబదబమని చప్పుడు.

"ఏమండీ, మీ సంగీతం మీద పప్పు గిన్నె పెట్టిన. జర చూస్కోండ్రి," అనేది మా ఆవిడ. చూసుకోలేదు. ఆ రోజు పాటలో అతి గంభీరమైన స్వరం నా మోచేతి దాకా ముద్దపప్పు అయింది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఒక్క స్టేషనే. ఆ రెండు నిమిషాలూ మెట్రోలో నిలువు కడ్డీ పట్టుకుని దాని మీదే వేళ్లు ఆడించేవాణ్ని. పక్కనున్న పెద్దాయన ఒకసారి నా చేయి పట్టుకుని, "మా బావమరిదికి సుత ఇట్లనే వణుకుండె. డాక్టర్‌కు చూపెట్టు బిడ్డా" అన్నాడు.

ఆషాఢం వచ్చింది. బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం, వెనకే బోనాలు. మా సందులో పొద్దున్నుంచి డప్పులు. నేను టక్‌టక్‌మని తాళం వేసే యంత్రం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ యంత్రం ఎంత, తీన్మార్ ఎంత! వారం తిరిగేసరికి నా కుడిచేయి జపాన్‌లో ఉంది, ఎడమచేయి బల్కంపేటలో ఉంది. ఆ ఆదివారం పాఠంలో పాపం కత్తి వీరుడు వానలో తడుస్తూ బయల్దేరి నేరుగా పోతరాజు పక్కన తేలాడు. టీచరమ్మ కళ్లు మూసుకుని విని, "బాగుందండీ, కానీ ఇది ఆ పాట కాదు" అన్నారు.

ఇలా ఒక్కో పేజీ పట్టుకొస్తుంటే ఏడో పేజీ వచ్చింది. ఇదివరకటి పేజీలు చీమల పుట్టలైతే ఇది చీమల మహాసభ. ఇందులో ఎడమచేయి కుడిచేతి మీదుగా దూకి అటువైపు రెండు మెట్లు నొక్కి, ఎవరూ చూడకముందే వెనక్కి వచ్చేయాలి. పదహారు బార్లు, అంటే నిలువు గీతల మధ్య పదహారు గళ్లు, ఇదే పని. మొదటి రోజు నా రెండు చేతులూ ముడిపడిపోతే మా ఆవిడ వచ్చి విప్పింది.

మన దగ్గర చదువుకున్న ప్రతివాడికీ ఒక విద్య తెలుసు. ఎనిమిది ప్రశ్నలిచ్చి అయిదు రాయమంటారు. కాబట్టి కష్టమైన పాఠాన్ని జూన్ నెలలోనే ఛాయిస్‌లో వదిలేస్తాం. నేను పదో తరగతిలో త్రికోణమితి వదిలేశాను, ఇంటర్లో కర్బన రసాయనం వదిలేశాను, డిగ్రీలో ఏది వదల్లేదో గుర్తులేదు. ఆ అనుభవంతో పుస్తకం నిదానంగా పరిశీలిస్తే ఒక రహస్యం బయటపడింది. ఆరో పేజీ చివర ఏ వరసతో ఆగుతుందో ఎనిమిదో పేజీ అదే వరసతో మొదలవుతుంది! ఏడు పీకేస్తే అతుకు కనబడదు. పీకేశాను. టీచరమ్మ అడిగితే "ఇంట్ల ప్రాక్టీసు నడుస్తుంది మేడం" అని వాయిదా వేశాను. మిగతా పదమూడు పేజీల్నీ మాత్రం నిజంగా ప్రాణం పెట్టి నేర్చుకున్నాను. నెలల మీద నెలలు గడిచాయి. అమ్మాయి పదో తరగతిలోకి వచ్చింది.

రెండో నవంబరు చివర్లో ఒక ఆదివారం, ఇక సిద్ధమేననుకుని ఇంట్లో కచేరీ పెట్టాను. శ్రోతలు ఇద్దరు. అమ్మాయి సోఫాలో కాళ్లు ముడుచుకుని కళ్లు మూసుకుంది. వాయించాను. టేబుల్ దబదబలు మినహా అద్భుతం. మా ఆవిడ చపాతీ పిండి చేతులతోనే చప్పట్లు కొట్టింది, హాలంతా పొగమంచు కమ్ముకుంది.

అమ్మాయి కళ్లు తెరిచింది. "డాడీ, వాన ఏది?"

"ఏం వాన?"

"వాన పడే ముక్క. ఆయన ఇంటికొచ్చి తలుపు కొడ్తడు చూడు. పాటంతా గా ముక్క కోసమే కదా!"

ఏడో పేజీ వాన అని నాకెవరూ చెప్పలేదు. "అది ఛాయిస్‌ల వదిలేసిన బేటా," అన్నాను.

కోప్పడితే బాగుండేది, నవ్వినా బాగుండేది. తను తలూపి, "మంచిగుంది డాడీ. నేను సుత త్రికోణమితి ఛాయిస్‌ల వదిలేస్తున్న" అని లోపలికి వెళ్లిపోయింది.

నోరు తెరిచాను. నా దగ్గరున్న ఒకే ఒక వాక్యం తాకట్టులో ఉంది. నోరు మూశాను.

మర్నాడు పంజాగుట్టలో టీచరమ్మ ముందు నేరం ఒప్పుకున్నాను. ఆవిడ స్పైరల్ తీగలో ఇరుక్కున్న చిరుగు ముక్క కేసి చూసి అడిగారు.

"ఏడో పేజీ ఎక్కడుందండీ?"

"ఛాయిస్‌ల ఉంది మేడం."

ఆవిడ ఇంతెత్తున లేస్తారనుకున్నాను. "నేనూ ఇంటర్లో కాంతి పాఠాలన్నీ వదిలేశానండీ," అన్నారు నెమ్మదిగా. "అది వేరు. ఇక్కడ ప్రశ్నపత్రం ఏడాదిన్నర ముందే మీ చేతికిచ్చేశారు కదా, అన్నీ రాయమని."

ఇరవై రోజులుంది. రోజుకో బారు. వేగం సంగతి మర్చిపొమ్మన్నారు. జిరాక్స్ భాయ్ దగ్గరికి మళ్లీ పరుగెత్తి ఆ ఒక్క పేజీ తీయించుకున్నాను. "సప్లిమెంటరీయా అన్నా?" అన్నాడు జాలిగా. ఆ ఇరవై రోజులూ నా ఎడమచేయి పంజాగుట్ట చౌరస్తా దాటే ముసలివాడిలా కుడిచేతి మీదుగా భయం భయంగా దాటింది, ఆగింది, వెనక్కొచ్చింది, మళ్లీ దాటింది. అమ్మాయి తన గదిలోంచి వింటోందో లేదో తెలియదు. తలుపు మాత్రం మూసి లేదు.

డిసెంబరు ఆదివారం పొద్దున టీచరమ్మ హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, తల్లిదండ్రులు, ఫోన్లు. రెండు జడల పాప నాకంటే ముందు వాయించి, దిగిపోతూ, "భయపడకండి అంకుల్, ఎవరూ కొట్టరు" అంది. పేజీలు తిప్పడానికి ఒక మనిషి కావాలి. నేను అడగలేదు. అమ్మాయే లేచి వచ్చి పియానో పక్కన నిలబడింది.

నిజమైన పియానో మీద ఎడమ చివరి మెట్లకి కూడా శబ్దం ఉంటుందని మరిచిపోయాను. మొదటిసారి అక్కడ చేయి వేయగానే ఫెళ్లున ఉరిమింది, నేనే ఉలిక్కిపడ్డాను. సర్దుకున్నాను. అయిదు పేజీలు పరుగెత్తాయి. ఆరో పేజీ చివరికొచ్చాను. అమ్మాయి రెండు కాగితాలూ కలిపి పట్టుకుని వంగింది.

"డాడీ, ఎనిమిదికి తిప్పాల్నా?" అంది గుసగుసగా. వెక్కిరింపు కాదు. నిజంగానే నన్ను దాటించేద్దామనుకుంది.

"ఏడే."

ఒక్క కాగితమే తిప్పింది.

ఏడో పేజీ ఎలా వాయించానంటే, అందులో కురిసింది జడివాన కాదు, చూరు నుంచి ఒక్కో చుక్క. చుక్కకీ చుక్కకీ మధ్య జనం పాట అయిపోయిందనుకుని మూడుసార్లు చప్పట్లు కొట్టారు. రెండుసార్లు తప్పిపోయి ఆగాను. ఆగినచోటు నుంచే మళ్లీ మొదలుపెట్టాను. ఒకసారి ఎడమచేయి దూకి, అటువైపు మెట్టు అందక, పియానో చెక్కని నొక్కింది. వెనక్కొచ్చి మళ్లీ దూకింది. ఈసారి అందింది. ఆ పదహారు బార్లకి మిగతా పాటంత సమయం పట్టి ఉంటుంది. ఎనిమిదో పేజీకి చేరగానే కాలేజీ బస్సు దొరికినవాడిలా చివరి నోట్ దాకా ఒకే పరుగు.

చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు, అప్పటికే మూడుసార్లు మోసపోయారు కదా. టీచరమ్మ మొదలుపెట్టారు. మా ఆవిడ ఈలే వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లకి ఆవిడకి ఈల వచ్చని ఆ రోజే తెలిసింది.

మెట్లు దిగుతుంటే అమ్మాయి, "ఏడో పేజీల పదకొండు తప్పులు," అంది.

"లెక్కపెట్టినవా?"

"నువ్వు వాయించే స్పీడుకు మస్తు టైముండె డాడీ."

కొంత దూరం నడిచాక తనే మళ్లీ అంది. "రేపు త్రికోణమితి మొదలుపెడ్త. నువ్వు పక్కన కూర్చోవాలె. పేజీలు తిప్పాలె. మాట్లాడొద్దు."

"ఒక్క మాట సుతనా?"

"ఒక్క మాట సుత."

ఒప్పుకున్నాను. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం తన పక్కన కూర్చుంటున్నాను. నాకా లెక్కలు ఒక్కటీ అర్థం కావడం లేదు, అయినా తన కళ్లు పేజీ అడుగుకి చేరేసరికి నా చేయి కాగితం మీద సిద్ధంగా ఉంటోంది. నిన్న ఒక లెక్క దగ్గర చాలాసేపు ఆగిపోయింది. పెన్ను కింద పెట్టింది, తల గోక్కుంది, నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. మళ్లీ పెన్ను తీసింది.