గ్రూపులో పడ్డ ఫిర్యాదు

బాలాత్రిపురసుందరి పేరు తెలియనివాళ్ళు కూడా ఆమె ఏడుపు విని ఉంటారు. ముప్పై ఏళ్ళుగా తెర మీది తల్లులకీ, అత్తలకీ, చావింట్లో ఓదార్చే పొరుగువాళ్ళకీ డబ్బింగ్ చెబుతోంది. ఫిలింనగర్ కొండవాలు ఒకప్పుడు బండరాళ్ళూ సీతాఫలం పొదలూ. ఆ రాళ్ళ వయసు ముందు సినిమా వయసెంత, అది వేరే కథ. అక్కడే ఒక ఇంటి కింది వాటాలో పదకొండేళ్ళుగా ఒంటరిగా అద్దెకుంటోంది. డబ్బింగ్ థియేటర్ పది నిమిషాల నడక. పిలిచిన అరగంటలో మైకు ముందుండాలి, లేకపోతే ఆ ఏడుపు ఇంకొకరు ఏడ్చేస్తారు. ఒంటరి ఆడమనిషి, పైగా సినిమావాళ్ళంటే ఇల్లిచ్చేవాళ్ళు తక్కువ. ఆ వాటా పోతే పనీ పోయినట్టే.

ఇంటాయన వెంకటనర్సయ్య పైన కొత్తగా ఓ అంతస్తు లేపాడు. నేపాల్లో చూసినా ఊటీలో చూసినా కొండవాలు ఇళ్ళ న్యాయం ఒకటే, పైవాళ్ళ నీళ్ళకి కిందివాళ్ళ గుమ్మమే దారి. మురుగు గొట్టం తిన్నగా ఈమె వంటింటి ముందు తెరుచుకుంది. నాలుగు నెలలు అడిగి అడిగి, చివరికి మునిసిపాలిటీ నంబరుకి ఫోన్ చేసింది. ఇరవై ఏళ్ళ పిల్ల గొంతు పెట్టి, మనోజ్ఞ అని పేరు చెప్పింది. గొంతు మారితే మనిషి మారిపోయినట్టేనని ఆమె వృత్తి నేర్పిన నమ్మకం. ఎప్పుడో మునిసిపాలిటీ వాళ్ళ ఇంటింటి సర్వేలో తన ఫోన్ నంబరు పక్కన పేరూ ఇంటి నంబరూ ఎక్కేశాయన్న సంగతి తట్టలేదు.

వార్డు ఆఫీసులో ఫిర్యాదులు చూసేది హనుమంతు. ఫోన్లో చెప్పినవి కూడా అసలు పేరూ ఇంటి నంబరుతో కాగితం మీద అచ్చయి అతని బల్ల మీదికొస్తాయి. వచ్చిన ప్రతి కాగితాన్నీ ఫొటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడతాడు, పని జరుగుతోందని జనానికి తెలియాలిగా. ఆ గ్రూపులో వెంకటనర్సయ్యా ఉన్నాడు.

సాయంత్రానికల్లా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. మొహంలో కోపమేమీ లేదు.

"ఏంది సుందరమ్మా, నా మీద సర్కారుకు చెప్పినవట, గ్రూపుల నీ పేరు చూసిన. జర నాకు చెప్తె కాదా?"

"నాలుగు నెలల్నించీ మీకే చెబుతున్నానండీ."

"గట్లనా. ఆ కంప్లైంట్ తీసేయించు. లేకుంటె ఒకటో తారీఖుకు ఇల్లు ఖాళీ చెయ్. నీ ఇష్టం."

మర్నాడు వార్డు ఆఫీసుకి వెళ్ళింది.

"నా పేరూ నంబరూ ఊరందరూ చూసేలా గ్రూపులో ఎలా పెడతారండీ? దీని మీద ఫిర్యాదు చెయ్యాలి నేను."

"చెయ్యొచ్చమ్మా," అన్నాడు హనుమంతు కుర్చీ జరిపి. మర్యాదస్తుడే. "ఇగో ఫారం. పేరు, ఫోన్, ఇంటి నంబర్ రాయుండ్రి."

"ఎవరికి వెళ్తుందిది?"

"నాకే వస్తది."

"మీరేం చేస్తారు?"

"గ్రూపుల పెడత. మాకు గట్లనే చెప్పిండ్రు."

"పోనీ, మొన్నటిదైనా తీసెయ్యండి."

"తీసేస్త. కానీ రెండొందల మంది చూసిండ్రు గద."

ఫారం మీద పెన్ను ఆనించింది, తీసింది. రహమత్ నగర్లోనో బోరబండలోనో గది దొరికినా, అక్కణ్ణించి అరగంటలో మైకు ముందుకి చేరలేదు.

"మొదటి కంప్లైంటు మూసెయ్యాలంటే?"

"పని అయినట్టు ఫొటో కావాలె. అందుల మీరు ఉండాలె."

మధ్యాహ్నం హనుమంతు వచ్చేసరికి మురుగు మీద రెండు రేకులు పరిపించి ఉంచాడు వెంకటనర్సయ్య. ఆమెను వాటి మీద నిలబెట్టి, తానూ పక్కన నిలబడ్డాడు. కాళ్ళ కింద రేకు మెల్లగా దిగుతోంది.

"జర ఇటు చూడుండ్రి అమ్మా," అన్నాడు హనుమంతు.

చూసింది.