నేను అడగని పేర్లు

సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ అవతల దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, మళ్ళీ తొక్కుకుంటూ తిరిగొచ్చిన ఘనుడినని నా పిల్లలు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. కుష్ఠురోగుల సాయం కోసమని కూడా కలుపుతారు. వచ్చినవాళ్ళు నా మోకాళ్ళ వంక చూసి అబ్బో అంటారు. నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాను. అది వినయమని మా వాళ్ళ నమ్మకం. వినయమూ కాదు, నా మొహమూ కాదు. సిగ్గు. ఆ ఐదు రోజుల్లో నేను చేయవలసిన పని ఇంకొకటి ఉంది. అది చేయకుండానే చేసినట్టు సంతకం పెట్టాను. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు గనక ఇప్పుడు రాస్తున్నాను.

పోలీసు చర్య జరిగి రెండు మూడేళ్ళయింది. నిజాం నవాబు పాలన పోయింది గానీ హైదరాబాద్ స్టేట్ అన్న పేరు ఇంకా పోలేదు. నేను సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో లెక్కల పంతుల్ని. మా నాన్న గుంటూరు నుంచి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో మాది ఒక తెలుగు, వీధిలో ఇంకో తెలుగు. ఆ రోజుల్లోనే మునిసిపాలిటీకి ఎన్నికలన్నారు. ఆస్తి ఉన్నా లేకున్నా, చదువొచ్చినా రాకున్నా, వయసొచ్చిన ప్రతి మనిషికీ ఓటన్నారు. ఆ మాట విని పొంగిపోయిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. స్కూల్లో పిల్లలకి ఒక గంట సేపు ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఉపన్యాసాలకేం, నోరుంటే చాలు.

ఓటర్ల జాబితా రాసే పని పంతుళ్ళ నెత్తిన పడింది. నాకు బన్సీలాల్‌పేట్‌లో బావి వెనక గల్లీలు ఇచ్చారు. మగవాళ్ళతో ఇబ్బంది లేదు, అడగ్గానే తాత పేరుతో సహా చెప్పేవారు. ఆడవాళ్ళ దగ్గరే చిక్కంతా. పరాయి మగవాడు గుమ్మంలో నిలబడి నీ పేరేమిటని అడిగితే చెప్పే అలవాటు అక్కడ లేదు. మొగుడి పేరు సరేసరి, చచ్చినా నోట రాదు. "పెద్దోని అమ్మ అని రాస్కో సారు" అనేది ఒకామె తలుపు చాటు నుంచి. "మేస్త్రీ ఇంటామె" అనేది ఇంకొకామె. నేను అలాగే రాసుకున్నాను. పెద్దోడి అమ్మ, చిన్నోడి అమ్మ, మేస్త్రీ భార్య, గాజులామె కోడలు. వాళ్ళ మర్యాద కాపాడుతున్నానని పైకి చెప్పుకున్నాను. లోపల మాత్రం తొందరగా ముగించి ఇంటికి పోవాలన్నదే ఉంది. ఆ ఒక్క గల్లీలోనే అలాంటివి నలభై మూడు పేర్లు. పేర్లు అనకూడదేమో వాటిని.

ఆ గల్లీలో ఒక మంత్రసాని ఉండేది. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. అక్కడ పుట్టిన పిల్లల్లో సగం మంది ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళే. ఆమె ఆ వార్డుకు పోటీ చేస్తానంది. గల్లీకి నల్లా రావాలి, అంతే ఆమె కోరిక. ఎండాకాలం బావి అడుగంటితే ఆ ఆడవాళ్ళు నాలుగు వీధులు దాటి వెళ్ళి బిందెల వరసలో నిలబడేవారు. ఎదుటి అభ్యర్థి కట్టెల అడితి యజమాని. ఆయన మీద నేను ఒక్క మాట కూడా అనను. ఆయన దొంగ ఓట్లు వేయించలేదు, ఎవరినీ బెదిరించలేదు. ఆ ఎన్నికలో అన్యాయం జరిగిందంటే అది నా కలం వల్లే జరిగింది.

జాబితా పైకి వెళ్ళాక ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. సొంత పేరు లేని ఆడవాళ్ళను జాబితాలోంచి కొట్టేస్తారట. వచ్చే మంగళవారంలోగా మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి పేర్లు రాబట్టి పంపితే సరి, లేకపోతే ఓటు లేదు. ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ మర్నాడే ఆ మంత్రసాని స్కూలుకు వచ్చింది. వరండాలో చెప్పులు విడిచి నిలబడింది.

"సారూ, మా ఆడోళ్ళ ఓట్లు తీసేస్తరంట గద, నిజమేనా?"

"మళ్ళీ వచ్చి పేర్లు రాసుకుంటానమ్మా. మీరేం బెంగపడకండి."

"మీకు చెప్పరు సారు, సిగ్గుపడ్తరు. నేను మీ ఎంబడి వస్తా. నా మొకం చూస్తే చెప్తరు. ఎన్నడొస్తరు?"

"శనివారం పొద్దున్నే వస్తాను."

"ఐతే శనివారం ఎవ్వరినీ కూలికి పోనియ్య. ఇండ్లల్లనే ఉండుమంట."

అంత తేలిక. ఆమె పక్కన నిలబడితే ఒక పూటలో అయిపోయే పని.

ఇక సైకిలు సంగతి. మా చర్చి యువకులం పదకొండు మందిమి నిజామాబాద్ అవతల ఉన్న ఒక కుష్ఠురోగుల ఆసుపత్రికి సైకిళ్ళ మీద వెళ్ళాలనుకున్నాం. మైలుకు ఇంతని దాతలు మాటిచ్చారు. ఆ డబ్బుతో ఆసుపత్రికి మందులు, దుప్పట్లు. మా పాస్టరు అయ్యగారు నన్ను నాయకుడిగా పెట్టారు. మొదట సోమవారం బయల్దేరాలనుకున్నాం. కానీ మా వెనక సామాన్లు తెచ్చే లారీ శనివారమే పోతుందన్నారు. దాంతో ప్రయాణం శనివారానికి మారింది. బుధవారం సాయంత్రం గానీ తిరిగి రాము. తాఖీదు గడువు మంగళవారం.

నేను ఆగిపోవచ్చు. మిగతా పది మంది నేను లేకుండా పోలేరా? పోగలరు. కానీ నాయకుణ్ణి నేను. బయల్దేరేటప్పుడు ఫోటో తీస్తారు. ముందు వరసలో నిలబడాల్సింది నేను. మా ఆవిణ్ణి పంపినా సరిపోయేది. ఆమెకు చదువొచ్చు, ఆడమనిషి, మంత్రసానితో కలిసి వెళితే పేర్లన్నీ చెప్పేవారు. ఆ ఉపాయం తట్టలేదని అబద్ధమాడను, తట్టింది. కానీ మళ్ళీ ఆ ఫారాలకు నకళ్ళు రాయాలి, ఎవరి చేతనైనా ఆఫీసులో ఇప్పించాలి, ఇదంతా ఎవడు చేస్తాడులే అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

శుక్రవారం మధ్యాహ్నం టీచర్ల గదిలో కూర్చుని మొదటి వరసలో ఇలా రాశాను: "స్వయముగా వెళ్ళి విచారించితిని. పేరు చెప్ప నిరాకరించిరి." దాని కింద నలభై రెండు సార్లు డిట్టో గుర్తులు పెట్టాను. సంతకం చేశాను. బంట్రోతు చేతికిచ్చి, సైకిలు చెయిన్‌కు నూనె వేయించడానికి వెళ్ళాను.

ప్రయాణం బాగా జరిగింది. బాగా జరగకపోయి ఉంటే నాకిప్పుడు కొంచెం ఊరటగా ఉండేదేమో. దారి పొడుగునా పోలీసు చౌకీలు, ఆపి మా సంచులు వెతికేవారు. రామాయంపేట దగ్గర నా వెనక చక్రం రెండు సార్లు పంక్చరయింది. ఎండకు పెదవులు పగిలాయి. ఊళ్ళల్లో జనం మజ్జిగ ఇచ్చారు. ఆసుపత్రిలో రోగులు వరసగా కూర్చుని మా కోసం పాట పాడారు. వేళ్ళు లేని ఒక పెద్దాయన నా సైకిలు గంటను మణికట్టుతో నొక్కి మోగించి నవ్వాడు. ఆయన నవ్వు చూసి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. ఆ సమయానికి నేను మంచివాణ్ణనే నా నమ్మకం. శనివారం పొద్దున గల్లీలో గుమ్మాల ముందు కూర్చుని నా కోసం చూసిన వాళ్ళు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. ఇది చెప్పుకోవడానికే నాకు కష్టంగా ఉంది.

బుధవారం సాయంత్రం చర్చి ముందు మాకు దండలు వేశారు. ఆ గుంపులో మంత్రసాని కూడా ఉంది. చందా డబ్బాలో ఏదో వేసి నా దగ్గరికొచ్చింది.

"శనివారం రాకపోతిరి సారు. పొద్దుగూకేదాక చూసినం."

చుట్టూ అందరూ ఉన్నారు. అయ్యగారు నా భుజం మీద చేయి వేసి ఉన్నారు. నేను తడుముకోకుండా అన్నాను. "ఆ పని అయిపోయిందమ్మా. ఆఫీసులోనే సరిచేయించాను. మీరు నిశ్చింతగా ఉండండి."

"గట్లనా? జెర పరేషానైతుంటి సారు. మంచి పని చేసిన్రు."

అప్పటికి అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఇంకా వారం గడువుంది. జాబితా ఆఫీసు గోడకు అంటించే ఉంది. ఆ వారంలో నేను నోరు విప్పినా సరిపోయేది. ఆమెకు చదువు రాదు, నా మాటే ఆమెకు జాబితా. వెళ్ళి గల్లీలో అందరికీ ఓట్లు పదిలంగా ఉన్నాయని చెప్పింది.

ఓటింగు మా స్కూల్లోనే జరిగింది. నన్నే జాబితా ముందేసుకుని కూర్చోబెట్టారు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద బొమ్మ. మంత్రసానిది లాంతరు. తొమ్మిది గంటలకు గల్లీ ఆడవాళ్ళు వచ్చారు. పెళ్ళికి కట్టుకునే చీరలు కట్టుకుని, పూలు పెట్టుకుని, ఒకరి చేయి ఒకరు పట్టుకుని వచ్చారు. మొదటామె నా బల్ల ముందు నిలబడింది. నేను వేలితో వరస వెంట వెళ్ళాను. ఎర్ర గీత ఉంది.

"మీ పేరు కొట్టేశారమ్మా."

పైనుంచి వచ్చిన అధికారి లేచొచ్చి పక్కనున్న కాగితం చదివాడు. పేరు చెప్పడానికి నిరాకరించారట, అందుకే తీసేశారు అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. వెనకున్న ముసలామె ముందుకొచ్చి, "మమ్ముల ఎవరడిగిన్రు? ఎవ్వరడగలే" అంది. ఆ తర్వాత తల మీద కొంగు సర్దుకుని తన పేరు చెప్పింది. మగవాళ్ళ వరస మొత్తం వింటుండగా చెప్పింది. మొగుడి పేరు కూడా చెప్పింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. జన్మలో ఎన్నడూ పైకి పలకని పేర్లు, ఒక్కొక్కరే చెప్పారు. వాళ్ళ మొగుళ్ళు అవతలి వరసలో తలలు దించుకున్నారు. ఆ పేర్లు ఇక్కడ రాయను. రాసే అర్హత నాకు లేదు.

అధికారి నా వైపు తిరిగాడు. "మాస్టర్ సాబ్, మీరు వెళ్ళి అడిగారా లేదా?"

మంత్రసాని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నన్నే చూస్తోంది.

"వెళ్ళానండీ. చెప్పలేదు" అన్నాను.

ఆమె ఒక్క మాటంటే నా ఉద్యోగం ఊడేది. "పోదాం పాండ్రి" అని ఆడవాళ్ళనందరినీ వెనక్కి తీసుకుపోయింది.

ముప్ఫై ఒక్క ఓట్ల తేడాతో ఆమె ఓడిపోయింది. నేను లెక్కల పంతుల్ని. ఆ నలభై ముగ్గురూ ఆమెకే వేసేవాళ్ళని రాసిపెట్టి ఉందా అని చాలా కాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ చీరలు కట్టుకుని వేరే ఎవరికి వేయడానికి వచ్చారు? గల్లీకి నల్లా రాలేదు. స్కూలు నుంచి ఇంటికి ఆ దారే దగ్గరైనా, చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను.

కొన్నేళ్ళకు మళ్ళీ ఎన్నికలొచ్చాయి, మళ్ళీ జాబితా పని, మళ్ళీ నాకే ఆ గల్లీలు. వెళ్ళడానికి మొహం చెల్లక రోజులు వాయిదా వేస్తున్నాను. ఒక సాయంత్రం ఆమే మా ఇంటికొచ్చింది. బాగా చిక్కిపోయింది. కొంగులోంచి మడత పెట్టిన కాగితాలు తీసి ఇచ్చింది. బడికి పోయే ఒక పిల్ల చేత రాయించిందట. గల్లీ ఆడవాళ్ళందరి సొంత పేర్లు, గుండ్రటి అక్షరాల్లో, ఇంటి నంబర్లతో సహా.

"గీసారి మీరు రాకున్నా నడుస్తది సారు" అంది.

ఆ మాటలో కోపం లేదు. నేను తట్టుకోలేకపోయాను. "అమ్మా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"నాకెరికే సారు. పొద్దంత గడపల్ల కూసున్నోళ్ళం, మాకెరికుండదా?"

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీ నౌకరీ పోతుండె. నౌకరీ పోతే మా ఓట్లు వస్తయా? పేర్లు సరిగున్నయో లేవో జెర చూడుండ్రి."

చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి. చివర్లో మూడు పేర్లు విడిగా రాసి ఉన్నాయి, ఇంటి నంబర్లు లేవు. ఇవేమిటని అడిగాను.

"గా ముగ్గురు సచ్చిపోయిన్రు సారు. అండ్ల ఒకామె ఆ దినం అందరికన్న ముందుగాల పేరు చెప్పిన ముసలామె. ఓటెయ్యకుంటనే పోయిన్రు. వాళ్ళ పేర్లు ఎన్నడూ ఎవ్వరు రాయలే గద, రాయమన్న."

ఆమె వెళ్ళాక దీపం ముందు కూర్చుని పేర్లన్నీ ఫారాల్లోకి ఎక్కించాను. ఆ మూడూ కూడా ఎక్కించాను. చనిపోయినవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితాలో ఉండకూడదు, అది నిబంధన. అబద్ధం రాసి సంతకం పెట్టిన నాకు నిబంధన మీద అప్పుడు ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. ఎర్ర సిరా బుడ్డి తీసి, ఆ మూడు పేర్లనూ నా చేత్తో నేనే కొట్టేశాను.