నాగజ్యోతి కారులో గరగర

2004లో ఆళ్లగడ్డ బజారులో ఒక ఆడమనిషి కారు నడుపుకుంటూ పోతే అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లు మాటలాపి చూసేవాళ్లు. నాగజ్యోతి సరదాకు నేర్చుకున్న విద్య కాదది. భర్త జయంత్‌కు మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. వారానికి రెండుసార్లు కర్నూలుకు తీసుకుపోయి డయాలిసిస్ చేయించాలి. పెట్టుకున్న డ్రైవరు మూడు నెలలకే వేరే పని చూసుకున్నాడు. తరువాత కుదిరినవాడు పొద్దున్నే ఫోను ఎత్తేవాడు కాదు. చివరికి ఒకరోజు జయంత్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే నడుపు. పక్కన కూసోని నేను చెప్తా."

అప్పటికి ఆమెకు ముప్పై ఒకటి. సైకిలు కూడా తొక్కి ఎరగదు. మార్కెట్ యార్డు వెనక ఖాళీ స్థలంలో నాలుగు రోజులు తిప్పించి, అయిదో రోజు ఆమెను రోడ్డు ఎక్కించాడు జయంత్. ఒక్కసారీ కసురుకోలేదు. గేరు పెంచాల్సి వస్తే వేలితో డాష్‌బోర్డు మీద ఒకసారి తట్టేవాడు, తగ్గించాల్సి వస్తే రెండుసార్లు. వాచిన వేళ్లతో తట్టినా ఆ చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించేది.

ఆ కారంటే జయంత్‌కు ప్రాణం. వాళ్లది విత్తనాల అంగడి. అంగడి బాగా నడిచిన ఏడాది హైదరాబాదులో ఒక కాంట్రాక్టరు వాడిన విదేశీ డీజిల్ కారును కొనుక్కొచ్చాడు. దానితో వచ్చిన పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివాడు. కాబట్టి కర్నూలు ప్రయాణాలు మొదలైన ఏడాదికి, పాణ్యం దగ్గర రైలు గేటు పడి ఆగినప్పుడు ఇంజను కింద సన్నగా గరగరమని వినబడగానే అతని చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"క్లచ్ తొక్కు," అన్నాడు.

తొక్కింది. గరగర ఆగింది.

"వదులు."

వదిలింది. మళ్లీ మొదలైంది.

"ఫ్లైవీల్ అరుగుతాంది," అన్నాడు జయంత్. ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య బరువైన ఇనుప చక్రం ఒకటి ఉంటుందని, లారీల్లో అది ఒకే ముద్ద అని, ఈ కారులో మాత్రం రెండు పలకలు చేసి నడుమ స్ప్రింగులు పెట్టారని రైలు పోయేదాకా వివరంగా చెప్పాడు. ఇంజను అదురును ఆ స్ప్రింగులు మింగేస్తాయట. అవి అలిసిపోతే పలకలు ఒకదానికొకటి తగులుకుని ఇట్లా మోగుతాయట. ఒంట్లో ఓపిక లేని మనిషి అంతసేపు మాట్లాడటం ఆమె చూసి చాలా రోజులైంది.

"చేయిద్దామా మరి?"

"ముందు నా రిపేరు కానీ. దానిది తర్వాత చూద్దాం."

గేటు ఎత్తారు. ఆమె కారు కదిపింది.

అతని రిపేరు కాలేదు. 2006 ఆగస్టులో జయంత్ పోయాడు. కారు అమ్మేయమని బంధువులు చెప్పారు. ఆమె ఊఁ కొట్టింది, అమ్మలేదు. అంగట్లో తనే కూర్చుంది. వారానికోసారి నంద్యాలకు పోయి విత్తనాలు తెచ్చుకునేది. గరగర ఏ నెలకానెల పెరిగింది. ఇంజను ఆపితే లోపల ఏదో విరిగినట్టు టక్కుమనేది. నంద్యాలలో సరుకు ఎక్కిస్తున్నంతసేపూ ఆమె ఇంజను ఆపకుండా స్టీరింగు ముందు కూర్చునేది. డీజిల్ దండగని తెలుసు. ఆ గరగర వింటూ ఉంటే పక్క సీటులోంచి ఎవరో ఇప్పుడే "తొక్కు" అంటారనిపించేది. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

2008 జనవరిలో సిరివెళ్ల దాటాక ట్రాక్టరు వెనక ఆగి మళ్లీ కదలబోతే కారు మొత్తం వణికింది. పెడల్ మీద ఆమె పాదం తిమ్మిరెక్కినట్టు అదిరింది. కింద దడేలుమని ఒక దెబ్బ. రెండో గేరు దాటకుండా, రోడ్డు వారగా ఎట్లాగో నంద్యాల చేరి, ఆత్మకూరు రోడ్డులో మెకానిక్ పుల్లయ్య షెడ్డు ముందు ఆపింది.

పుల్లయ్య యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లు లారీలు బాగుచేసి, నడుము నొప్పితో కార్లకు మారాడు. బానెట్ ఎత్తకుండానే కాసేపు విన్నాడు. ఆమె చేత క్లచ్ తొక్కించి, వదిలించి మళ్లీ విన్నాడు.

"ఎన్ని దినాల్నుంచి అంటాందమ్మా ఇట్ల?"

"రెండేండ్లు దాటింది."

ఆయన తల పైకెత్తాడు. "తెలిసే తిప్పుతాండావా?"

"తెలుసు. ఫ్లైవీల్."

"తెలిసినోళ్లు ఇన్ని దినాలు పెట్టుకుంటారా? ఇంకా తిప్పితే ఏదో ఒకనాడు అది పగుల్తాది. గేరుపెట్టె గూడా పాయె. నువ్వు ఒక్కదానివే పోతాంటావు, యాడో నడిరోడ్డు మీద నిల్చిపోతావు."

పుల్లయ్య చేతులు గుడ్డతో తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు.

"అబద్ధం చెప్పను. ఈ రెండు పలకల ఫ్లైవీల్ నేను ఇంతవరకు ఇప్పలేదు. హైదరాబాదులో మా తోడల్లుడు ఇయ్యే చేస్తాడు, అడిగి చేస్తా. ఈడ లేత్ మిషను ఆయప్పను అడిగితే రెండు పలకలకూ వెల్డింగ్ కొట్టి ఒకటి చేస్తానంటాడు. నేనైతే వద్దంటా. అదురంతా గేర్ల మీదికి పోతాది."

"కొత్తదే తెప్పించన్నా."

"అయిదారు దినాలు పడతాది."

"కానీ." కారు దిగి నాలుగు అడుగులు వేసి, ఆమె వెనక్కి తిరిగింది. "అన్నా, ఇప్పేముందు ఒకసారి స్టార్టు చెయ్యి."

ఇంకేదో లోపం చూపించబోతోందనుకుని పుల్లయ్య డ్రైవరు సీటులో కూర్చున్నాడు. ఆమె అటు తిరిగివచ్చి ఎడమ తలుపు తీసి, జయంత్ కూర్చునే సీటులో కూర్చుంది. అతను పోయాక ఆ సీటులో ఎవరూ కూర్చోలేదు. ఇంజను మొదలైంది. ఆమె ముందుకు చూస్తూ, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని విన్నది. ఏం చూడమంటావని అడగబోయి ఆమె ముఖం చూసి పుల్లయ్య ఊరుకున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని షెడ్డు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అయిదు నిమిషాలో పదో గడిచాయి.

"చాలన్నా," అంది ఆమె.

ఆయన ఆపాడు. లోపల టక్కుమంది.

విత్తనాల కోసం రెండు రోజుల తరువాత బస్సులో నంద్యాల వచ్చినప్పుడు షెడ్డుకు వెళ్లింది. గేరుపెట్టె దింపి పక్కన పెట్టి ఉంది. పుల్లయ్య అరిగిన చక్రాన్ని బల్ల మీద పెట్టి, ఒక పలకను పట్టుకుని రెండోదాన్ని తిప్పి చూపించాడు. "కొంచిం ఆడాల, అది లెక్కే. ఇది చూడు, పడిపోయే పన్ను ఊగినట్ల ఊగుతాంది." అంచుల నుంచి గ్రీజు నల్లటి పాకంలా కారి గట్టిపడింది. ఆమె దాన్ని వేలితో తాకి చూసింది. ఇంత చిన్నదా, అనుకుంది.

తిరుగు బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర చోటు దొరికింది. పొడుగునా నల్లమల కొండలు బస్సు వెంబడే వచ్చాయి. ఎన్ని వందలసార్లు ఈ దారిన వచ్చిందో ఆమెకే తెలియదు, కానీ కొండల కేసి చూసింది లేదు. చూపు రోడ్డు మీదే ఉండేది. చూసేవాడు జయంత్. శనగ పూతకొచ్చిందని, కొండ మీద వాన పడుతోందని, ఎవరో కొత్త బోరు వేయిస్తున్నారని అతను చెబుతూ ఉంటే ఆమె వింటూ నడిపేది. ఇప్పుడు అన్నీ తనే చూస్తోంది. ఎవరికి చెప్పాలో తెలియక పక్కనున్న ముసలమ్మతో "శనగ బాగుంది కదమ్మా," అంది. ఆ ముసలమ్మ తల ఊపి వక్క నమలసాగింది.

ఏడో రోజు కారు సిద్ధమైంది. ఆమె తాళం తిప్పింది. ఇంజను మెత్తగా అందుకుంది. క్లచ్ వదిలింది, తొక్కింది, మళ్లీ వదిలింది. ఏమీ లేదు. పుల్లయ్య పక్కనే నిలబడి పరీక్ష రాసిన పిల్లాడిలా ఆమె ముఖంలోకి చూస్తున్నాడు.

"బాగా చేసినావన్నా," అంది. నిజంగానే అంది.

ఆళ్లగడ్డ దాకా నలభై కిలోమీటర్లూ ఆమెకు తెలియని కారులో వచ్చినట్టుంది. ఇంటి ముందు ఇంజను ఆపితే ఆగింది, అంతే. తలుపు నెట్టుకుని లోపలికి వెళితే అత్త వాసవాంబ ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చినావే? బండి సప్పుడే ఇనపడల్యా."

"బాగు చేయించినా గదత్తా. ఇంక సప్పుడు రాదు."

"ఓ," అని వాసవాంబ చేతిలోని చాట పక్కన పెట్టింది. నేలకేసి చూస్తూ చెప్పింది. "సందు మొదట్లో ఆ గరగర ఇనపడితే నా కాళ్లు వాటంతటవే లేస్తాండె. కర్నూలు నుంచి మీరిద్దరూ వచ్చినారని. వాడు పోయినాక గూడా లేస్తాండె. వాకిలి దాకా వచ్చినాక గుర్తొస్తాది."

జయంత్ పోయాక ఒకే కప్పు కింద ఏడాదిన్నర ఉండి కూడా నాగజ్యోతికి ఆ సంగతి తెలియదు. ఆమె అత్త పక్కనే నేల మీద కూర్చుంది. నంద్యాలలో ఇంజను ఆపకుండా తను ఎందుకు కూర్చునేదో చెప్పింది. షెడ్డులో చివరిసారి విన్న సంగతీ చెప్పింది. వాసవాంబ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నన్ను గూడా తోడుకోని పోయింటే నేనూ ఇనేదాన్ని గదే," అంది. నాగజ్యోతికి తప్పు చేసినట్టనిపించింది.

మరుసటి వారం నంద్యాలకు బయలుదేరుతుంటే వాసవాంబ చీర మార్చుకుని వచ్చి కారు దగ్గర నిలబడింది.

"నేనూ వస్తా. యాడ కూసోమంటావు?"

"ముందరే కూసో అత్తా."

సిరివెళ్ల రాకముందే ముసలామె నిద్రపోయింది. కారు అదురూ చప్పుడూ లేకుండా సాగిపోతోంది. నంద్యాల వచ్చినా నాగజ్యోతికి ఆమెను లేపబుద్ధి కాలేదు. విత్తనాల వీధికి తిరగాల్సిన చోట తిరగకుండా నేరుగా పోనిచ్చింది. జయంత్ పోయాక ఎన్నడూ ఎక్కని కర్నూలు రోడ్డు మీద, పాణ్యం వైపు, పది కిలోమీటర్ల దాకా పోయి, అక్కడ ఒక చెట్టు నీడన కాసేపు ఆగి, నెమ్మదిగా వెనక్కి తిప్పింది.