కొత్తపేట రోడ్డు మీద కాలిన యంత్రం

మొన్న ఆదివారం పొద్దున కొత్తపేటలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే, మెట్రో స్తంభాల పక్కన పాత తారును చెక్కే మిల్లింగ్ యంత్రం ఒకటి పనిచేస్తూ కనిపించింది. కింద డ్రమ్ము తిరుగుతూ తారును పొడి చేస్తుంటే, ఆ పొడి బెల్టు మీదుగా ముందున్న లారీలోకి పడుతోంది. ఉద్యోగకాలమంతా ఇలాంటి యంత్రాలను బాగుచేస్తూ గడిపినవాణ్ణి కనుక సంచీ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. పక్కనున్న టీకొట్టు దగ్గర ఒకాయన తనతో ఉన్న కుర్రవాళ్ళకు దాన్ని చూపిస్తూ, "ఉద్యమంల గిసుంటి దాన్నే మనోళ్లు గీడనే తగలబెట్టిన్రు" అని చెబుతున్నాడు. నేను కల్పించుకుని, ఆ యంత్రాన్ని ఎవరూ తగలబెట్టలేదనీ, అది తనంతట తనే అంటుకుందనీ, మర్నాడే దాన్ని విప్పి చూసినవాణ్ణి నేనేననీ చెప్పాను. ఆయన నా మాట తీరు విని నవ్వి, "మీరు ఆంధ్రోళ్లా సార్?" అని అడిగాడు. దేన్ని చూసి అలా అంటున్నానో మాత్రం అడగలేదు. ఇల్లు చేరినా నా కోపం దిగలేదు.

మాది కృష్ణా జిల్లా. భౌతికశాస్త్రం చదివి, రోడ్డు యంత్రాలకు సర్వీసు చేసే సంస్థలో చేరి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడమీది వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. కింద ఇంటావిడ కాపురం, ముందు గదిలో ఆవిడ చీరల దుకాణం. పోచంపల్లి వైపు నేతపనివారి కుటుంబం. భర్త పోయాక దుకాణాన్నీ కొడుకునూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. కొడుకు డిగ్రీ చదువుతూ తెలంగాణ ఉద్యమంలో తిరిగేవాడు. "సదువుకోరా అంటే సడక్ మీద కూసుంటవ్, సడక్ ఏమన్న సర్టిఫికెట్ ఇస్తదా?" అని ఆవిడ కసిరేది, వాడు నవ్వుతూ చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. ఆ రోజులు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకే గోడకు అటూ ఇటూ ఉండే మనుషులం పొద్దున పాలప్యాకెట్ల దగ్గర ఆప్యాయంగా పలకరించుకుని, సాయంత్రం టీవీ ముందు ఒకరినొకరు అనుమానించుకునేవాళ్ళం.

ఈ యంత్రాల గురించి ఒక మాట చెప్పాలి. చూడటానికి ఏనుగంత ఉంటాయి గానీ వాటికి శుభ్రతే ప్రాణం. చెక్కినప్పుడు లేచే తారుదుమ్ము ఇంజను చుట్టూ చేరి, కాస్త నూనె తగిలితే చాలు, పిడకలా గట్టిపడుతుంది. రోజూ పని ముగిశాక దాన్ని గీకి, గాలితో ఊదెయ్యాలి. అధిక ఒత్తిడితో నూనెను మోసే హోస్ పైపులు దేనికీ రాసుకోకుండా చూసుకోవాలి. అప్పట్లో కొత్తపేటలో పనిచేస్తున్న ఆ యంత్రంలో ఒక పైపు, దాన్ని పట్టి ఉంచే ఇనుప క్లాంపుకు రాసుకుంటున్నదనీ, వెంటనే మార్చాలనీ దాని యజమానికి నేను ముందే చెప్పి ఉన్నాను. బందుల వల్ల పని వెనకబడిందని, రాత్రి చేయవలసిన పనిని అనుమతి తెచ్చుకుని పగలే చేయిస్తూ, ఆయన శుభ్రతనూ మానేశాడు, పైపునూ మార్చలేదు.

అది కాలిన రోజు మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ వైపు ఊరేగింపు వచ్చింది. నినాదాలు దగ్గరపడేసరికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఆపరేటరు భయపడి, ఇంజను ఆపకుండానే దిగి దుకాణాల వరుసలోకి తప్పుకున్నాడు. జనం యంత్రాన్ని దాటుతుండగా ఇంజను మూతల సందుల్లోంచి పొగ వచ్చింది, ఆ వెంటనే మంట. మా ఇంటావిడ కొడుకు పైకెక్కి ఇంజను ఆపే ఎర్ర బటన్ నొక్కి, కిందికి దూకి, ఎవరో అందించిన బకెట్లతో ఇసుక చల్లాడు. పైన ఉన్నప్పుడు ఎవరో ఫొటో తీశారు. మర్నాడు పేపర్లో పడిన ఆ ఫొటోలో మంట ఉంది, మంట మీదికి వంగిన కుర్రవాడు ఉన్నాడు. అంతకంటే సాక్ష్యం అక్కరలేదని లోకం తీర్మానించుకుంది. పోలీసులు వాణ్ణి పట్టుకుపోయారు. మా బావమరిది విజయవాడ నుంచి ఫోన్ చేసి, "చెప్పానా, మీ ఇంటావిడ కొడుకేనటగా" అన్నాడు. చెప్పడానికి అతనేం చూశాడని నేను ఫోన్ పెట్టేశాను.

నేను అప్పటికే యంత్రాన్ని విప్పి చూసి వచ్చాను. పెట్రోలు పోసి అంటించినవాడెవడైనా పైనుంచి పోస్తాడు. ఆపరేటరు కూర్చునే సీటు ముందు కాలాలి. సీటు ఒక అంచున కమిలింది, అంతే. ఇంజను మూతలు మాత్రం లోపలివైపు పూర్తిగా మాడిపోయి, బయట రంగు పొక్కి ఉన్నాయి. మంట లోపల పుట్టి బయటికి వచ్చింది. ఇక ఆ పైపు: రబ్బరు కాలిపోయినా లోపలి ఉక్కు తీగలు మిగిలాయి, సరిగ్గా క్లాంపు తగిలే చోట అవి అరిగి చదునై తెగి ఉన్నాయి. మంట తీగను నల్లబరుస్తుంది గానీ అలా అరగదీయదు. అక్కడినుంచి చిమ్మిన నూనె, ఇంజనులో అన్నిటికంటే ఎక్కువగా కాగే టర్బో మీద పడింది, చుట్టూ పేరుకున్న తారుపిడక అందుకుంది. ఇందులో ప్రాంతం లేదు, పార్టీ లేదు.

ఆపరేటరును పట్టుకుని అడిగాను. అతను నేలచూపులు చూస్తూ, "ఆ ఎర్ర బటన్ నొక్కమని ఆ బాబుకి అరిచి చెప్పింది నేనేనండి. కానీ ఆ మాట స్టేషన్లో అన్నాననుకోండి, ఇంజను ఆపకుండా ఎందుకు దిగావురా అని మా ఓనరు నన్ను బతకనిస్తాడా?" అన్నాడు. యజమాని సంకోచం లేకుండా మాట్లాడాడు. పైపు అరిగి కాలిందంటే తప్పు ఆయనది, జనం కాల్చారంటే బీమా వస్తుంది. "మేమే కాల్చామని వాళ్ళే చెప్పుకుంటుంటే మధ్యలో మీకెందుకండీ బాధ?" అన్నాడు.

ఆ మాట నిజం కావడమే నన్ను ఎక్కువగా మండించింది. ఇంటావిడ కొడుకు స్నేహితులు మా మెట్ల మీద కూర్చుని ఆ ఫొటోను చేతులు మార్చుకుంటూ మురిసిపోతున్నారు. నేను ఆ పైపులోంచి తెచ్చిన తీగ ముక్క చూపించి వివరించాను. వాళ్ళలో పెద్దవాడు మర్యాదగానే విని, "సార్, జర సమజ్ చేసుకోండ్రి. పైపు పలిగి కాలిందంటే గా ఫొటోకు ఇజ్జత్ ఏముంటది?" అన్నాడు. ఇంకొకడు, "ఆర్పిండంటే వీణ్ని కంట్రాక్టర్ అల్లుడు అంటరు సార్" అన్నాడు, అందరూ నవ్వారు. ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ నవ్వలేదు. స్టేషనులో అధికారి నా తీగ ముక్కను బల్ల మీద అటూ ఇటూ దొర్లించి, కుర్రవాడే కాదనడం లేదు కదా అన్నాడు.

వాడు కాదనడం లేదంటే నేను నమ్మలేదు. బెయిలు మీద వచ్చినప్పుడు దండలతో ఊరేగించి తెచ్చారు, అందరూ వెళ్ళాక ఆవిడ వాణ్ణి నా ముందు నిలబెట్టి, "చెప్పు బిడ్డా, సారు ముంగట జెప్పు. నువ్వు ఆర్పినవా, అంటువెట్టినవా?" అంది. వాడు దండలు ఒక్కొక్కటే తీసి కుర్చీ మీద పెట్టాడు. "ఆర్పిన్నే అమ్మా. గిప్పుడు ఎవలకు గావాలె గది?" అన్నాడు. కోర్టులో ఈ ఒక్క మాట చెప్పు, నేను సాక్ష్యం చెబుతానన్నాను. వాడు చేతులు జోడించాడు గానీ సరేనలేదు. ఆ పై ఏళ్ళలో వాయిదా పడిన ప్రతిసారీ ఆవిడ దుకాణం మూసి కోర్టుకు వెళ్ళేది. ఆటో ఎక్కుతూ కూడా, పలకరించినవారికల్లా, "మా పోరడు మంట ఆర్పిండమ్మా, అంటువెట్టలే" అని చెప్పేది. విన్నవాళ్ళు తల్లి కదా అని తలూపేవారు.

రాష్ట్రం వచ్చాక ఉద్యమకాలపు కేసులు ఎత్తేశారు. వీధిలో స్వీట్లు పంచారు. ఆవిడ మాత్రం ఖాళీ చేతులతో మేడెక్కి వచ్చి, "మాఫీ చేసిన్రంట సారూ. చెయ్యని దానికి మాఫీ ఏంది?" అని అడిగింది. 

కొడుకు ఇప్పుడు నగర శివార్లలోని తుర్కయంజాల్‌లో స్థిరపడ్డాడు. సభలకు పిలిస్తే వెళతాడు, యంత్రం కాల్చినవాడని పరిచయం చేస్తే తలవంచుకుని నమస్కారం పెడతాడు. పండ్ల మార్కెట్టు కొత్తపేటను వదిలి వెళ్ళిపోయింది, రోడ్డు మీద ఎండ పడకుండా మెట్రో వచ్చింది, ఇప్పటి యంత్రాల్లో మంటను పసిగట్టే ఏర్పాట్లు కూడా ఉన్నాయట. ఆ రోజుల్లో మేము ఒకరినొకరు అనుమానించుకున్నా, కనీసం మెట్ల మీద కూర్చుని ఎదురెదురుగా వాదించుకునేవాళ్ళం. ఆ మెట్లున్న ఇళ్ళు కూడా ఒక్కొక్కటే అపార్టుమెంట్లవుతున్నాయి. ఇంటావిడ దుకాణం మాత్రం ఉంది. కిందటి నెల మా ఆవిడతో కలిసి వెళ్ళినప్పుడు, ఎవరో కొత్త బేరగత్తె, ఉద్యమంలో మిషను కాల్చింది మీ అబ్బాయేనటగా అని మెచ్చుకోలుగా అడిగింది. నేను ఇంటావిడ ముఖం వైపు చూశాను, మా పోరడు ఆర్పిండని ఎప్పటిలా చెబుతుందని. ఆవిడ వినిపించుకోనట్టు అరలోంచి ఇంకో చీర తీసి, మడత విప్పి, అంచు చూడమని ఆమె ఒళ్ళో పరిచింది.