పాతది పట్టుకురండి

మొన్న పొద్దున తెనాలిలో మా కొట్టు ముందు ఒక కారు ఆగింది. ఇంజను ఆపకముందే కాలని పెట్రోలు వాసన కౌంటరు దాకా వచ్చింది. దిగినతను ఫోను చాచి, "ఆక్సిజన్ సెన్సరండి. ఇదిగో ఫోటో, ఇలాంటిదే ఇవ్వండి" అన్నాడు. ఆ వాసన తగిలితే చాలు, నాకు రత్తయ్యగారు గుర్తొస్తారు. కారు విడిభాగాలు అమ్మే ఈ కొట్టు ఒకప్పుడు ఆయనదే. బీకాం చదివి, కంప్యూటరులో సరుకు చూసే పనికి ఆయన దగ్గర చేరాను.

పాడైన భాగాన్ని కళ్లతో చూడనిదే ఆయన కొత్తది అమ్మేవారు కాదు. బాపట్ల నుంచి వచ్చినవాళ్లతోనైనా "పాతది పట్టుకురండి" అనేవారు. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లి, మళ్లీ వచ్చేవాళ్లు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ఆ పాతవాటిని కోసి లోపలేముందో చూస్తూ కూర్చునేవారు. "చచ్చినదాన్ని ఏం చూస్తారండి?" అని ఒకసారి వేళాకోళం చేశాను. "బతికున్నప్పుడు విప్పనివ్వదు కదమ్మా" అన్నారు. కారు పేరు, సంవత్సరం కొడితే నంబరు వచ్చేస్తుంటే ఈ తిప్పలెందుకని నాకు లోలోపల నవ్వు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఉండేదాన్ని.

అప్పుడే రేపల్లె నుంచి పోలయ్యగారు ఫోన్ చేశారు. ఆయనది చేపల వ్యాపారం. భార్య నాగమ్మగారికి కిడ్నీలు చెడి, వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్ చేయించాలి. వాళ్లకి ఆ కారే ఆధారం. అందులో వైడ్‌బ్యాండ్ అనే రకం ఆక్సిజన్ సెన్సర్ పోయింది. పొగను బట్టి పెట్రోలు ఎక్కువైందా తక్కువైందా అని మామూలు సెన్సర్ చెబితే, ఎంత తేడా వచ్చిందో కూడా ఇది చెబుతుంది. రత్తయ్యగారు భోజనానికి వెళ్లిన వేళ నేను కంప్యూటరులో నంబరు తీసి, పాతది అడక్కుండానే బస్సులో పంపేశాను. సాయంత్రం అక్కడి మెకానిక్ ఫోన్ చేశాడు. "వైర్ల చివరి ప్లగ్గు పట్టట్లేదండి. వైర్లు మాత్రం ఐదూ అవే రంగులు." "అయితే పాత ప్లగ్గు కోసి దీనికి కలిపేయండి" అన్నాను, పెద్ద ఇంజనీరులాగా.

వారం తిరక్కుండా పోలయ్యగారు మళ్లీ ఫోన్ చేశారు. "కారంతా పెట్రోలు వాసనండి. ఆవిడకి దారంతా వాంతులే. ఎల్లుండి మళ్లీ వెళ్లాలి, ఈ కారు ఎక్కనంటోంది." మర్నాడు పొద్దున్నే రత్తయ్యగారు కొట్టు తమ్ముడికి అప్పగించి, నన్ను వెంటబెట్టుకుని రేపల్లె రైలెక్కారు.

పోలయ్యగారింటి ముందు మెకానిక్ బానెట్ ఎత్తి నిలబడి ఉన్నాడు. టేపు చుట్టిన అతుకు కనపడగానే పోలయ్యగారి మొహం మారింది. "ఈ వైర్లు ఎవరు కోయమన్నారయ్యా నిన్ను?" మెకానిక్ నా వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. రత్తయ్యగారు పాత సెన్సర్‌ని తిప్పి చూస్తున్నారు, తల ఎత్తలేదు. నేను నోరు మెదపకపోతే నింద అతని మీదే పడుతుంది. మెదిపితే నా ఉద్యోగం ఏమవుతుందోనని భయమేసింది. "నేనేనండి. ఫోన్లో నేనే చెప్పాను" అన్నాను. పోలయ్యగారు తిట్టలేదు. మంచం మీద పడుకున్న నాగమ్మగారు తల తిప్పి నన్ను చూశారు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"వైర్లు ఐదు కదా, ప్లగ్గులో సూదులు ఆరున్నాయేంటమ్మా? ఆ ఆరోదానికేం పని?" అన్నారు రత్తయ్యగారు, అసలేమీ జరగనట్టు. కొత్త సెన్సర్ నుంచి కోసి పారేసిన ప్లగ్గును వెతికించి, చాకుతో చీల్చారు. లోపల కరెంటును కొంత ఆపే రెసిస్టర్ ఒకటి, బియ్యపుగింజంతది, ఉంది. కారుకున్న పాత ప్లగ్గునూ విప్పారు. అందులోనూ ఉంది. మీటరు పెడితే రెండూ వేర్వేరు అంకెలు చూపించాయి. ఆయన కళ్లు మెరిశాయి. "ఒక్కో సెన్సర్ తయారీలో రవ్వంత తేడాగా వస్తుందన్నమాట. ఆ తేడా ఎంతో చెప్పే ముక్కను దాని ప్లగ్గులోనే పెట్టి పంపుతున్నారు. మనం ఒకరి కళ్లజోడు తీసి ఇంకొకరికి పెట్టాం."

ఇక సరైనదేదో తేలాలి. పాత సెన్సర్ మీది నంబరు మసిబారి కనపడలేదు. నాగమ్మగారు ముగ్గుపిండి తెప్పించారు. రుద్దితే అంకెలు తేలాయి. చివరి అంకె నేను పంపినదానిది కాదు. ఒకే కారులో, ఒకే సంవత్సరంలో రెండు రకాలు వచ్చాయి. తెనాలికి ఫోన్ చేస్తే మధ్యాహ్నం రైల్లో ఆయన తమ్ముడే తెచ్చిచ్చాడు. ఈసారి ప్లగ్గు టక్కున కూర్చుంది. నాగమ్మగారు వెనక సీట్లో కూర్చుని, ఇంజను నడుస్తుంటే చాలాసేపు వాసన చూశారు. "ఏం లేదండి. రేపు ఎక్కుతాను" అన్నారు.

తిరుగు రైల్లో ధైర్యం చేసి అడిగాను. "ఆ మాట నేనే చెప్పానని మీకు ముందే తెలుసాండి?"

"పక్కనే ఉన్నానుగా, విన్నాను."

"మరి అప్పుడే ఆపలేదేంటండి?"

"తప్పని నాకు మాత్రం ఏం తెలుసు? ఇవాళేగా తెలిసింది."

"పోనీ, పోలయ్యగారు అడిగినప్పుడైనా..."

"అది నీ మాటమ్మా. నేనెందుకు చెబుతాను?" అని కిటికీ వైపు తిరిగి, జేబులోంచి ఆ చీల్చిన ప్లగ్గు తీసి మళ్లీ చూడటం మొదలుపెట్టారు.

రత్తయ్యగారు పోయి చాలా కాలమైంది. మొన్న వచ్చినతనితో కూడా "పాతది పట్టుకురండి" అనే అన్నాను. "ఫోటో ఉందిగా మేడం" అన్నాడు. "ఫోటోని విప్పలేమండి" అన్నాను. విసుక్కుంటూ వెళ్లి మధ్యాహ్నానికి తెచ్చాడు. నంబరు సరిచూసి కొత్తది చేతికిస్తూ, ప్లగ్గు పట్టకపోతే వైర్లు మాత్రం కోయవద్దని చెప్పాను. "కోస్తే ఏమవుతుందో మీకెలా తెలుసండి?" అన్నాడు.

"ఒకసారి నేనే కోయించాను" అన్నాను. ఈ మాట అనడానికి ఇప్పుడు భయం వేయదు. రత్తయ్యగారు ఎవరికీ చెప్పకుండా నాకోసం ఉంచిన మాట అది.