సాగర్ దాకా ఒక ‘ఎక్కడికి’

“ఎక్కడికయ్యా పొద్దున్నే?”

“అడిగేశావా! ఇంకేం పడుద్ది చేప, నా మొహం పడుద్ది.”

“పడకపోతే తప్పు నా నోటిది కాదు, నీ గాలానిది.”

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆఖరివని తెలిస్తే ఇద్దరం కాస్త చూసుకుని మాట్లాడేవాళ్ళమేమో. గాలం కర్ర భుజాన వేసుకుని బందరు కాలవ గట్టుకి వెళ్ళాడు. అక్కడే గుండె ఆగి ఒరిగిపోయాడు. నలుగురూ మోసుకొచ్చారు. కర్ర తెచ్చారు, చెప్పులు తెచ్చారు, బుట్ట మాత్రం గట్టు మీదే వదిలేశారు. మర్నాటికి అది లేదు. అందులో చేప ఉందో లేదో చూసినవాడు ఒక్కడూ లేడు. ఏడుస్తూనే అడిగాను, “బుట్టలో ఏమన్నా ఉందా?” అని. నాకు మతి పోయిందనుకున్నారు.

మతి పోలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో నడిచిన తగువు అది. బయల్దేరే మనిషిని ‘ఎక్కడికి’ అనకూడదట, అంటే పని చెడుతుందట. ‘ఎందాకా’ అనొచ్చట. ఆదివారం పాస్టరు గారు శకునాలు నమ్మకండి అంటే అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేవాడు. సోమవారం నేను నోరుజారి ‘ఎక్కడికి’ అంటే వెనక్కొచ్చి, మంచం మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరేవాడు. ఖాళీ బుట్టతో వస్తే నా నోరు. నిండు బుట్టతో వస్తే ఆయన చెయ్యి. ఇదేం న్యాయం?

ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడల్లా, “సాగర్ వెళ్ళాలే. అంత నీళ్ళల్లో నీ నోరు పనిచెయ్యదు, దాని మహిమ బందరు కాలవ దాకే” అనేవాడు. వెళ్ళలేదు. ఈ ఏడు కాలవ కట్టేసి అడుగున బురద కనపడగానే నాకు ఆ మాట గుర్తొచ్చింది. నేనే వెళ్ళి తేల్చుకొద్దామనుకున్నాను. వేటకి పోయే మనిషిని ‘ఎక్కడికి’ అంటే చేప పడుతుందా, పడదా? అది తేలితే ఆ బుట్ట సంగతీ తేలినట్టే.

నా తమ్ముడి కూతురు సునీత నర్సు. సెలవు పెట్టి తోడొచ్చింది. నాకు రాయడం రాదు కాబట్టి ఇది రాస్తున్నదీ అదే.

పొద్దున్నే బందరులో రైలెక్కాం. ఆయన గాలం కర్ర వెదురుది. నిలువునా పెడితే ఫ్యానుకి తగిలింది, అడ్డంగా పెడితే ఎదుటివాడి ముక్కుకి తగిలింది. చివరికి సీట్ల కిందకి తోస్తే దాని కొస అవతల సీటులో ఒకావిడ పాదాల మధ్య తేలింది. ఆవిడ పాము అనుకుని కాళ్ళు పైన పెట్టేసుకుంది. గుడ్లవల్లేరులో దిగబోతూ కాలేజీ కుర్రాడొకడు అడిగాడు.

“ఏంటి మామ్మగారూ, జెండా కర్రా?”

“కాదు నాయనా, గాలం కర్ర. కాలేజీ ఎగ్గొట్టేవాళ్ళని పడదామని.”

గుడివాడలో ఇడ్లీ తిన్నాం. అక్కడ ఎక్కిన ఒక పెద్దాయన మా ఎదురుగా కూర్చుని చెమట తుడుచుకుంటూ, “ఎక్కడికండీ ప్రయాణం?” అన్నాడు. ఆయన పక్కాయన కూడా అదే అడిగాడు. బెజవాడలో దిగేలోపు సమోసాలవాడు కూడా అడిగాడు.

“అత్తా, ఇంతమంది ‘ఎక్కడికి’ అన్నాక మనకింకేం పడతాయి?” అంది సునీత.

“వీళ్ళు అడిగింది ప్రయాణానికి, వేటకి కాదు. లెక్కలోకి రాదు” అన్నాను. ఇప్పుడనిపిస్తోంది, ఆ లెక్కలు నేను మొదలుపెట్టకుండా ఉండాల్సింది.

బెజవాడ బస్టాండులో మాచర్ల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు మీద సున్నా కొట్టిస్తారు. నాకు అక్షరాలు రావు గానీ సున్నా వచ్చు. కండక్టరు కర్ర వైపు చూశాడు.

“నీకు సున్నానే అమ్మా. మరి దీనికి ఆధార్ ఉందా?”

“దీని యజమాని పోయాడు బాబూ. ఇప్పుడు దీనికి నేనే ఆధారం.”

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, కర్రని నడవలో పడుకోబెట్టాడు. మాచర్ల దాకా ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ దాన్ని దాటుకుంటూ నడిచారు. సత్తెనపల్లి దాటాక కిటికీలోంచి కొట్టేది గాలి కాదు, పొయ్యి నోరు. పెరుగన్నం, ఆవకాయ తెచ్చుకున్నాం కాబట్టి బతికాం. వెనకాల వచ్చేవాళ్ళెవరైనా ఉంటే చెప్తున్నాను, ఈ దారిలో మే నెలలో బిర్యానీ జోలికి పోకండి. మజ్జిగే తాగండి.

మాచర్లలో బస్సు మారి సాయంత్రానికి సాగర్ చేరాం. డ్యాం దగ్గర గాలాలు వెయ్యనివ్వరు. పైన నీటి అంచున చేపలు పట్టేవాళ్ళ పల్లె ఉంది. అక్కడ గురవయ్య, కోటమ్మ అని మొగుడూ పెళ్ళాలు, సునీత ఆసుపత్రిలో ఆయా గారి బంధువులు. వాకిట్లో మాకు నులకమంచాలు వేశారు.

ఇంత నీటిని నేను మంగినపూడిలోనే చూశాను. అయితే సముద్రం అరుస్తుంది, ఇది నోరెత్తదు. ఎండలకి నీళ్ళు దిగిపోయి, ఒడ్డంతా వరస వరసగా చారలు కట్టి, చెమట ఆరిన చొక్కాలా ఉంది.

తెల్లారగట్ల గురవయ్య విసురువల భుజాన వేసుకుని గుమ్మం దాటాడు. నేను ముందే లేచి కూర్చున్నాను. గొంతు సవరించుకుని అడిగాను.

“ఎక్కడికి గురవయ్యా?”

అతను ఆగిపోయాడు. “ఏంది పిన్నమ్మా, పొద్దుగాలే అంత మాట అన్నావు!” అంటూ వల దించి, లోపలికెళ్ళి, నీళ్ళు తాగి, మంచం మీద కూర్చుని బీడీ ముట్టించాడు. అచ్చం మా ఆయనే కూర్చున్నట్టుంది.

ఆ బీడీ అయ్యి, ఇంకోటి కూడా అయ్యాక వెళ్ళాం. ఎంత విసిరినా నాలుగు జిలేబీ చేపలే వచ్చాయి. పేరుకి మిఠాయి, తింటే అంతా ముళ్ళు.

“ఎండాకాలం చేప పొద్దు పొడవకముందే గట్టుకొచ్చి మేస్తది. పొద్దెక్కి నీళ్ళు కాగినాయంటే లోతుకి దిగిపోద్ది. మళ్ళీ సందేళ గాలి తిరిగితేనే రావడం” అన్నాడు గురవయ్య.

“మరి తప్పు పొద్దుదేగా? నా నోటిది కాదుగా?”

“నువ్వు అడగకపోతే పొద్దెక్కకముందే వచ్చేవాణ్ణి గదా పిన్నమ్మా!”

సాగర్ దాకా వచ్చి ఆయనకే ఒక మార్కు వేశాను.

మధ్యాహ్నమంతా పడుకున్నాం. చేపలే అడుగుకి పోయి పడుకుంటే మనుషులకేం. పొద్దు వాలాక నేను ఆయన కర్ర తీశాను. గురవయ్య తవుడు వేయించి, బెల్లం కలిపి ఎర ముద్దలు చేసిచ్చాడు. ముందు కాస్త చల్లి ఊరుకోవాలట. నీళ్ళ మీద తేలే బెండుని పైకి కట్టి గాలాన్ని లోతుకి వదలకూడదట, సందేళ చేప పల్చటి నీళ్ళల్లోకి వస్తుంది కాబట్టి. పొద్దుకి ఎదురుగా కూర్చోవాలట, మన నీడ నీళ్ళ మీద పడితే చేప పారిపోతుందట. అన్నీ విని, కర్ర భుజాన వేసుకుని గుమ్మం దాటాను. కోటమ్మ గిన్నెలు తోముతూ తల ఎత్తింది.

“యాడికి పిన్నమ్మా?”

“అడిగేశావా! ఇంకేం పడుద్ది చేప, నా మొహం పడుద్ది!”

నేను అనలేదు. నా నోరు అనేసింది. కోటమ్మ చేతిలో గిన్నె జారింది. సునీత పొట్ట పట్టుకుని, “అత్తా, అది మావయ్య మాట!” అని వాకిట్లోనే చతికిలబడింది. నా కాళ్ళు కూడా మంచినీళ్ళ కుండ వైపు తిరిగాయి. బలవంతాన ఇటు తిప్పుకుని నీటి దగ్గరికి నడిచాను.

బెండు కదల్లేదు. దోమలు మాత్రం నన్నూ, వెంట వచ్చిన సునీతనీ బాగా మేశాయి. ఒక నీటికాకి మా ఎదురుగానే మునిగి, చేపని పట్టుకుని, మాకు చూపించి మరీ మింగింది. కర్ర సర్దేద్దామా అనుకుంటుండగా గాలి మొహానికి తగిలింది. బెండు ఒకసారి వణికి గబుక్కున మునిగిపోయింది. లాగితే కర్ర విల్లులా వంగింది. నేను నీళ్ళల్లోకి, సునీత నా నడుం పట్టుకుని వెనక్కి. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. చివరికి మోచెయ్యంత శీలావతి చేప గట్టున పడి ఎగిరింది.

నేను నీళ్ళ వైపు తిరిగి అరిచాను. “చూశావా? అడిగింది! అయినా పడింది! నా నోరు కాదు, నీ గాలం కూడా కాదు! ఆ రోజు కూడా పడే ఉంటుంది, బుట్ట ఎవడో ఎత్తుకెళ్ళాడు!”

కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఈ సునీత పీడకి అప్పుడే గుర్తు రావాలా?

“కానీ అత్తా, ఆవిడ ‘ఎక్కడికి’ అనలేదుగా. ‘యాడికి’ అంది.”

నాకు ఆయన గొంతు చెవిలోనే వినపడింది. ‘యాడికి’ అంటే పల్నాడు మాటే, లెక్కలోకి రాదు, అంటాడు. నేను రైల్లో మొదలుపెట్టిన లెక్కే నా మీదకి తిప్పుతాడు. వదిలే మనిషి కాదు.

ఆ చేపని కోటమ్మ చింతపండు పులుసు పెట్టింది. తల ముక్క నాకు వేసింది. ఇంట్లో అయితే అది ఆయనకే వెళ్ళేది.

తిరుగు దారిలో కర్ర మళ్ళీ నడవలో పడుకుంది, మళ్ళీ అందరూ దాటారు. బందరు బండిలో పక్కన కూర్చున్న ముసలమ్మ, “ఎక్కడినుంచమ్మా?” అంది. ఈ మాటకి ఆయన దగ్గర రూలేమీ లేదు, హాయిగా అంతా చెప్పాను. సాగర్ వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. తెల్లవారకముందు వెళ్ళండి, లేదా గాలి తిరిగాక వెళ్ళండి, మధ్యలో పడుకోండి. నీళ్ళు చాలా పెద్దవి, నిజమే. మా తగువు మాత్రం అందులో మునగలేదు. ఇంటికి వచ్చి కర్రని ఆయన పెట్టే మూలే పెట్టాను.

అయిపోయింది సునీతా. ఇక చదువు, మొదటి మాట నుంచి. ఆయన మాటలు వచ్చినచోట ఆయనలా విసుక్కుంటూ చదువు. ఆ ‘యాడికి’ దగ్గర మాత్రం గొంతు తగ్గించు. ఆయన విన్నాడంటే మళ్ళీ మొదలుపెడతాడు.